టకటక కాదు, ఒక్క ఠక్కు

ఆవిడకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. వీధి వీధంతా ‘చప్పుళ్ళత్త’ అనే అంటుంది. పేపరు వేసేవాడి దగ్గర్నుంచి మూలింటి చెవుల డాక్టరు గారి దాకా, చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ ఆవిడ అత్తే. నిజంగా అత్త అయింది మాత్రం ఒక్కదానికే, అన్నగారి కూతురికి. ఆ మేనకోడలు ఆవిడతో కలిసి పనిచేస్తుంది, కలిసి టీ తాగుతుంది, రోజుకి ఒక్కసారైనా పోట్లాడుతుంది. పోట్లాట లేని రోజున ఇద్దరికీ టీ రుచించదు.

వాళ్ళ ఆఫీసు సైకిలు షాపు మీద మూడు గదులు. కింద ‘ఇచ్చట శబ్ద పరీక్షలు చేయబడును’ అని బోర్డు. ఆ బోర్డు చూసి, చెవులకి పరీక్షేమో అనుకుని నెలకి ఇద్దరైనా మెట్లెక్కి వస్తారు. అత్త వాళ్ళని గుమ్మంలోంచి పంపెయ్యదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఏం వినపడుతోందో ఏం వినపడటం లేదో అంతా అడిగి, అప్పుడు మూలింటికి దారి చూపిస్తుంది.

“ఎందుకత్తా, మన పని కాదుగా?” అని మేనకోడలు విసుక్కుంటే, “వింటే నా చెవులేమన్నా అరిగిపోతాయా?” అంటుంది.

అసలు పని వేరు. ఒకరింట్లో ఫ్రిజ్జు మూలుగుతుంది, ఇంకొకరి పై వాటాలో ఏదో గుయ్‌మంటుంది, ప్రెస్సులో మిషను ఉన్నట్టుండి రంకెలేస్తుంది. ఈ అత్తా మేనకోడళ్ళు మైకు పట్టుకెళ్ళి రికార్డు చేసుకొచ్చి, కంప్యూటర్లో ఆ శబ్దాన్ని విడదీసి, అదేమిటో ఎక్కడ పుడుతోందో రిపోర్టు రాసిస్తారు. సంతకం మేనకోడలిది. కాలేజీలో నాలుగేళ్ళు దీన్నే చదువుకుంది ఆ పిల్ల. అత్త ఆ పిల్లని ‘గ్రాఫుల రాణి’ అంటుంది, మురిపెం సగం, ఎత్తిపొడుపు సగం.

అత్త చెవులు ఊరికే రాలేదు. పద్దెనిమిదో ఏట పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో చేరింది. బట్టీలోంచి దిగి చల్లారిన కప్పుల్ని బల్ల మీద వరసగా పెట్టేవారు. చిన్న చెక్కపుల్లతో ఒక్కొక్కదాన్నీ తట్టడం, వినడం, అంతే పని. ‘ఠంగ్’ అంటే మంచి కప్పు. ‘ఠప్’ అంటే లోపలెక్కడో కంటికి ఆనని బీట. చేరిన మూడో నెలలోనే ఒక బట్టీ బట్టీ అంతా ‘ఠప్’ అంటోందని చెప్పింది. సూపర్‌వైజరు పకపకా నవ్వాడు. నిన్నగాక మొన్న వచ్చిన దానికి ఏం తెలుసునని సరుకు పంపించేశాడు. వేడి టీ పొయ్యగానే హోటళ్ళలో కప్పులు రెండుగా విడిపోయాయి.

“నా ఒక్క మాట నమ్మడానికి వాళ్ళకి రెండొందల కప్పులు పగలాల్సొచ్చింది” అని ఇప్పటికీ చెప్తుంది. గొప్పకి చెప్పుకుంటోందని కొందరనుకుంటారు. కాదు, ఆ నవ్వు చేసిన గాయం ఆవిడకి ఇంకా మానలేదు.

ఆ రోజుల్లోనే ఒక నోటు పుస్తకం మొదలుపెట్టింది. దాని నిండా చప్పుళ్ళే. పేజీకి మధ్యలో గీత. ఎడమ పక్క ఒంటివి: ఠక్, ఫట్, ధన్, ఠప్, కిర్రు. కుడి పక్క జంటవి: టకటక, పటపట, గణగణ, గరగర, కిచకిచ. ఒంటిది ఒకసారి జరిగి ఊరుకున్నది. జంటది మళ్ళీ మళ్ళీ జరుగుతున్నది. రెండూ రెండు వేరు జబ్బులని, రెంటికీ ఒకటే మందు వేస్తే రోగి బతకడని ఆవిడ సిద్ధాంతం. ఇది వ్యాకరణమో ఇంజినీరింగో మేనకోడలికి చాలాకాలం అర్థం కాలేదు.

భర్త విషయంలో కూడా అత్త చెవిని నమ్ముకునే నడిచింది. ఆయన బస్సు కండక్టరు. ఫ్యాక్టరీ బస్సులో ఎవర్నీ తోసుకోకుండా, తొక్కకుండా తిరిగే ఆ చెప్పుల చప్పుడు నచ్చిందట. మొహం తర్వాత చూశానంటుంది. ఆయన మాటల పిసినారి. ఆవిడేమో ఇద్దరి వాటా మాటలూ తనే మాట్లాడేస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ కాపురం అలా సాఫీగా సాగిపోతోంది.

ఫ్యాక్టరీకి కప్పుల్ని తట్టి చూసే మిషను వచ్చినప్పుడు తోటి వాళ్ళు కంగారుపడ్డారు. అత్త మాత్రం మిషను బిగించడానికొచ్చిన ఇంజినీరు వెంటపడి, అది ఎలా వింటుందో చెప్పేదాకా వదల్లేదు. ఎలాంటి శబ్దాన్నయినా కొన్ని శుద్ధ స్వరాలుగా విడగొట్టొచ్చని, ఏ స్వరం ఎంత ఉందో లెక్క తేల్చొచ్చని, దాన్ని ఫూరియర్ పద్ధతి అంటారని అతను చెప్పాడు. “ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నది అదేగా బాబూ! పేరుందని తెలీక ఊరుకున్నాను” అంది అత్త. తర్వాత మేనకోడలు కాలేజీ నుంచి తెచ్చిన పుస్తకాలన్నీ ఆ పిల్ల చేత చదివించుకుని, అర్థమయ్యేదాకా ప్రాణం తోడేసింది.

ఇప్పుడు ఆఫీసుకొచ్చిన వాళ్ళకి ఆ పద్ధతి గురించి చెప్పేది అత్తే. “ఫూరియర్ గారు బళ్ళో హాజరుపట్టీలో ఆఖరి గడి లాంటివారండీ. నెలలో ఎన్ని రోజులొచ్చాడో ఠక్కున చెప్తారు. ఏ రోజు ఎగ్గొట్టాడో చెప్పరు.” శబ్దాన్ని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కనీ విడిగా చూడొచ్చు. ముక్క పెద్దదైతే స్వరం బాగా తెలుస్తుంది, ఎప్పుడో తెలీదు. చిన్నదైతే ఎప్పుడో తెలుస్తుంది, స్వరం తెలీదు. తల కప్పితే కాళ్ళకి చాలని దుప్పటి అది. అందుకే వేవ్‌లెట్లు వచ్చాయి. పుట్టగానే అణిగిపోయే బుల్లి అల ఒకటి తీసుకుని, దాన్ని సాగదీస్తూ కుదిస్తూ శబ్దం పొడుగునా జరుపుకుంటూ పోతే, ఎక్కడ సరిగ్గా అతుక్కుంటే అక్కడ ఆ చప్పుడున్నట్టు. బొంగురు స్వరాలకి పొడుగు అల, చురుకు చప్పుళ్ళకి పొట్టి అల. “పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా!” అని ముగిస్తుంది అత్త. వచ్చినవాళ్ళకి సగం అర్థమవుతుంది, మిగతా సగానికి నవ్వేసి వెళ్తారు.

ఇంత తెలిసిన ఆఫీసులో పొరపాటు జరిగింది. చేసింది మేనకోడలు.

పెద్ద రోడ్డు మీద ఎనిమిదంతస్తుల పాత భవనం ఒకటుంది. అందులో చెక్క పలకల లిఫ్టు, ఆ లిఫ్టులో ఎత్తు స్టూలు మీద ఇరవయ్యారేళ్ళుగా కూర్చునే లిఫ్టాయన. జాలీ తలుపు లాగడం, బొత్తాం నొక్కడం, ఎక్కినవాళ్ళని పలకరించడం ఆయన పని. కొన్నాళ్ళుగా ఆయన ఒక మాట పట్టుకున్నాడు. దిగేటప్పుడు నాలుక్కీ మూడుకీ మధ్య ఏదో చప్పుడవుతోందట. అయినప్పుడల్లా మూడో అంతస్తులో లిఫ్టు ఆపి, అందర్నీ దించి మెట్లమీద వెళ్ళమనేవాడు. ఆఫీసు వేళకి పరిగెత్తే జనం ఊరుకుంటారా? కంపెనీ మెకానిక్కులు మూడుసార్లొచ్చి, ఖాళీ లిఫ్టుని పైకీ కిందకీ తిప్పి చూసి, ఏమీ లేదన్నారు. ఇక గుసగుసలు మొదలయ్యాయి. పెద్దాయనకి చెవుల్లో ఏవో మోగుతున్నాయని ఒకరు, బుర్రే కాస్త అటూ ఇటూ అయిందని ఇంకొకరు. గోరంత మాట కొండంతయింది. చివరికి భవన సంఘం సెక్రటరీ, వ్యాకరణం చెప్పి రిటైరైన మాష్టారు, శబ్ద పరీక్ష చేయించి తేల్చేద్దామన్నాడు. చప్పుడుంటే లిఫ్టు బాగుచేయిద్దాం, లేకపోతే శనివారంతో ఆయన్ని మాన్పించేద్దాం అని తీర్మానం. అప్పటిదాకా చప్పుడైందని లిఫ్టుని మధ్యలో ఆపొద్దని ఆయనకి గట్టిగా చెప్పారు.

ఆ వారం అత్త మోకాలు నొప్పితో ఇంట్లో ఉంది. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి మేనకోడలొక్కతే వెళ్ళి, లిఫ్టు మూలన మైకు వేలాడదీసి, నలభై రెండు నిమిషాలు రికార్డు చేసింది. మంగళవారానికి రిపోర్టు ఇచ్చేసింది. ‘టకటకమను శబ్దమేదియు లేదు.’ కింద సంతకం.

గురువారం అత్త కుంటుకుంటూ వచ్చి ఫైలు తెరిచింది. ముందు సంఘం వాళ్ళ ఫిర్యాదు కాగితం చదివింది, తర్వాత రిపోర్టు. హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని రికార్డింగు మొదలుపెట్టింది. రెండు నిమిషాలకి ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వింది.

“ఏమే, ఇందులో ‘అమ్మా, ఒక్క మాట’ అంటున్నదెవరు?”

“ఏమో అత్తా. ఆ లిఫ్టాయన అయుంటాడు.”

“ఆ వెంటనే ‘ష్’ అన్నదెవరు?”

అప్పుడు మేనకోడలికి గుర్తొచ్చింది. ఆయనేదో చెప్పబోతే, మాట రికార్డింగులో పడుతుందని పెదవుల మీద వేలు పెట్టింది. ఆయన నోరు మూసుకుని స్టూలు మీద సర్దుకున్నాడు. పనయ్యాక హడావిడిలో ఆ సంగతే మర్చిపోయింది.

“రిపోర్టు రాసేముందు ఇది విన్నావా?”

“వినడమెందుకత్తా? మొత్తం ఫూరియర్‌కి ఇచ్చి సగటు తీశాను. మోటారు గుయ్ ఉంది, ఫ్యాను రొద ఉంది. టకటకలాడేది ఉంటే గ్రాఫులో సమానమైన ఎడంలో గీతలు రావాలి, దువ్వెన పళ్ళలా. దువ్వెన లేదు. టకటక లేనట్టే.”

“టకటక లేదు, సరే. ఠక్ ఉందా?”

“ఏంటి తేడా?”

అత్తకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. “నలభై రెండు నిమిషాల్లో ఒక్క ఠక్కు సగటులో ఎంత? సముద్రంలో కాకిరెట్ట. నీ దువ్వెనకి ఆనుతుందా అది? వేవ్‌లెట్ వేశావా?”

“పెద్ద రికార్డింగు కదా, చాలా టైము పడుతుంది. దువ్వెన లేదుగా అని వదిలేశాను.”

“ఆ మనిషి టకటక అన్నాడో, ఠక్ అన్నాడో అడిగావా?”

అడగలేదు. కాగితంలో ‘టకటక’ అని ఉంది, అదే వెతికింది. తను తప్పు చెయ్యలేదని వాదించాలనుకుంది గానీ, చెవుల్లో ఆ ‘ష్’ జోరీగలా తిరుగుతోంది. అత్త అప్పటికే చేతికర్ర తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కావడంతో లిఫ్టు ఖాళీగా ఉంది. లిఫ్టాయన టిఫిను డబ్బా కడిగి తుడుచుకుంటున్నాడు. మేనకోడల్ని చూసి గుర్తుపట్టి, మర్యాదగా లేచి నిలబడ్డాడు. ఆ లేవడం చూసి ఆ పిల్లకి తల ఎత్తబుద్ధి కాలేదు.

“ఏమండీ, మీకు వినపడిన చప్పుడు టకటకమనా, ఇంకోలాగానా?” అడిగింది అత్త.

“టకటకా? నేనెప్పుడన్నానమ్మా టకటకని?” ఆయన ఆశ్చర్యపోయాడు. “ఠక్ అంటుంది. ఒక్కటే. మనుషులు నిండుగా ఉండి కిందకి దిగేటప్పుడు. ఖాళీగా ఉంటే అనదు. అది చెబుదామనే ఆ రోజు...” అని మేనకోడలి వైపు చూసి ఆపేశాడు. “పోన్లెండి. శనివారం దాకానే కదా. నిజం చెప్పాలంటే నాకే అనుమానమొచ్చేసిందమ్మా. ఇంతమంది లేదంటుంటే నా చెవులే చెడ్డాయేమో అని. మా ఆవిడ పిలిస్తే కూడా, నిజంగా పిలిచిందో లేదో అని లోపలికెళ్ళి చూసొస్తున్నాను.”

అత్త మొహం అదోలా అయింది. “ఎప్పుడెప్పుడు అందో ఏమన్నా గుర్తుందా?”

ఆయన స్టూలు కింద నుంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. తేదీలు, టైములు, పక్కన ఒకే మాట. సోమవారం పేజీలో మూడే వరసలున్నాయి. 9.08 ఠక్. 9.21 ఠక్. 9.37 ఠక్. అత్త ఆ పేజీ వంక చాలాసేపు చూసింది. తన పుస్తకంలో ఎడమ పక్క రాసుకున్నట్టే ఉంది.

ఆఫీసుకి తిరిగొచ్చాక మేనకోడలు వేవ్‌లెట్ పెట్టింది. కంప్యూటరు మూలుగుతూ లెక్కలేసుకుంటుంటే ఇద్దరూ టీ కూడా పెట్టుకోకుండా కూర్చున్నారు. బొమ్మ మెల్లగా తెర మీదకి వచ్చింది. ఎడమ నుంచి కుడికి కాలం, కింద నుంచి పైకి స్వరం. అడుగున మోటారు గుయ్ వెడల్పాటి పట్టీలా పొడుగునా సాగింది. దానిమీద ఎనిమిదో నిమిషంలో, బోర్లించిన గరాటులా, పైన సన్నగా కింద వెడల్పుగా ఒక గీత నిటారుగా లేచి ఉంది. ఇరవై ఒకటో నిమిషంలో ఇంకొకటి. ముప్ఫై ఏడులో మూడోది. అంతకంటే ఎక్కువా లేవు, తక్కువా లేవు.

మేనకోడలు ఫోన్లు పెట్టుకుని ఆ మొదటి చోటు వింది. మాటల రొదలో, మోటారు కింద అణిగి, ఒక్క ఠక్. వెతుక్కుంటే తప్ప వినపడదు, వినపడ్డాక ఇక మర్చిపోలేం. “విను అత్తా” అని ఫోన్లు ఇచ్చింది. అత్త కళ్ళు మూసుకుని వింది. మళ్ళీ పెట్టమంది. మూడోసారీ పెట్టమంది. తర్వాత ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

“నాకు వినపడలేదే.”

“అదేంటత్తా?”

“రెండేళ్ళయింది సన్నటి చప్పుళ్ళు పోయి. మూలింటి డాక్టరు గారికి తెలుసు, మీ మామయ్యకి తెలుసు. నీకు చెప్తే పని మానెయ్యమంటావని చెప్పలేదు.” అత్త చీరచెంగుతో ఫోన్లు తుడిచింది. “మరి నేనేం విని పట్టుకున్నాననుకున్నావు? ఆయన మాట విన్నాను. నువ్వు ఆపాటి కూడా వినలేదు.”

మేనకోడలికి ఏడుపొచ్చింది. రిపోర్టు తప్పినందుకు కొంత. ఈ మనిషి పక్కనే కూర్చుని రెండేళ్ళుగా ఏమీ గమనించనందుకు ఎక్కువ. అత్త ఓదార్చలేదు. “ఏడుపు తర్వాత. ముందు ఆ లిఫ్టు ఆపించు. పగిలేది కప్పులు కాదు అక్కడ.”

సెక్రటరీ మాష్టారు ఇంటి తలుపు తీసి, సంగతి విని, నోరు తెరిచాడు. “ఆయన ఠక్ అనే చెప్పాడమ్మా, నిజమే. కాగితం మీద ఒట్టి ఠక్ అని రాస్తే పిల్లల రాతలా ఉంటుందని, నేనే టకటక అని ఆమ్రేడితం చేశాను. మన భాషలో అలాగే కదా అందం!”

“మీ అందం ఆయన కొంప ముంచబోయింది మాష్టారూ” అంది అత్త. మాష్టారు చెప్పులేసుకుని వెళ్ళి, తన చేత్తోనే లిఫ్టు దగ్గర ‘పనిచేయదు’ అని కాగితం అంటించాడు. మేనకోడలు తన పాత రిపోర్టు తప్పని రాసి, కొత్తది రాసింది. చప్పుడు కనిపెట్టినవారు అన్న చోట లిఫ్టాయన పేరు, చప్పుడు అన్న చోట ఆయన మాట, ఆయన రాసుకున్నట్టే.

శుక్రవారం మెకానిక్కులొచ్చి ఈసారి నాలుక్కీ మూడుకీ మధ్య దీపం పెట్టి చూశారు. లిఫ్టు జారే పట్టా అతుకు దగ్గర బిగింపు బోల్టు సగం దాకా చీలి ఉంది. బరువుతో దిగినప్పుడు పట్టా వెంట్రుకవాసి పక్కకి కదిలి, తిరిగి కూర్చుంటోంది. ఆ కూర్చునే చప్పుడే అది. ఇంకెన్నాళ్ళు ఆగేదో చెప్పలేమని మెకానిక్కు మెల్లగా అన్నాడు. ఆ రాత్రికే బోల్టు మార్చారు.

శనివారం పొద్దున్న లిఫ్టు మళ్ళీ నడిచింది. మాన్పించాల్సిన రోజున లిఫ్టాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టూలెక్కి కూర్చున్నాడు. అత్తా మేనకోడళ్ళు పైదాకా వెళ్ళి, దిగే జనంతో కలిసి కిక్కిరిసి నిలబడ్డారు. దారిపొడుగునా వల్లె వేసుకున్న మాట మేనకోడలు మొదలుపెట్టింది.

“ఆ రోజు నేను మిమ్మల్ని...”

లిఫ్టాయన పెదవుల మీద వేలు పెట్టాడు. “ష్.”

లిఫ్టు అయిదు దాటింది. నాలుగు దాటింది. తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు, అందరూ ఊపిరి బిగబట్టారు. మోటారు గుయ్ తప్ప ఏమీ లేదు. మూడు వచ్చింది, మూడు దాటింది. ఆయన వేలు దించి, “ఇప్పుడు చెప్పమ్మా” అన్నాడు, నవ్వుతూ.

“క్షమించండి. నాది తప్పు. క్షమించండి...”

“ఒక్కసారి చాలమ్మా. నాకు బాగానే వినపడుతుంది.”

లిఫ్టులో అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వుల్లో ఏం జరిగిందో తెలియక, అత్త మేనకోడలి చెయ్యి గిల్లింది. “ఏమన్నారే ఆయన?”

మేనకోడలు ఆవిడ చెవి దగ్గరికి వంగి చెప్పింది. అత్తకి అందలేదు. ఆ పిల్ల విసుక్కోకుండా, ఇంకా దగ్గరికి జరిగి, రెండోసారి చెప్పింది.